ఉల్టా పడిన సైకిల్ బొమ్మ

అక్టోబరు 6, ఆదివారం

ఈ డైరీ సిమెంటు దుకాణం వాళ్లు జనవరిలో ఇచ్చినారు. ఇన్నాళ్లూ పాలు, గ్యాసు, పనిమనిషి రాని రోజులు రాస్తూ వచ్చినాను. ఖాళీ పేజీలు చాలా మిగిలినాయి. లెక్కల్లో పట్టని సంగతి ఒకటుంది, అది ఇక్కడ రాసుకుంటాను. ఆయన ఇంట్లో కాగితాలు తిరగేసే మనిషి కాదు.

ఆయనకు మూడు నెలల సగటు షుగరు పరీక్షలో తొమ్మిది దాటింది. డాక్టరు ఆయన వైపు చూడకుండా నా వైపు చూసి చెప్పినాడు. రోజూ గంటసేపు ఒళ్లు కదలాలి, నోరు కట్టుకోవాలి, డిసెంబరు ఆఖరుకు మళ్లీ రావాలి, అప్పటికీ తగ్గకపోతే ఇక సూదే. ఆటో ఎక్కినాక ఆయన, "అది కొంచెం ఉందంట, అంతే" అన్నారు.

ఆయన దాన్ని పేరు పెట్టి పిలవరు. మామయ్యకూ అదే ఉండె. ముందు బొటనవేలు పోయింది, తర్వాత పాదం పోయింది. ఈ ఇంట్లో ఆ మాట అనడం అప్పటి నుంచే మానేసినారు.

పొద్దున్నే నడవమంటే నడవరంట. ఆయన నడిచిన మొదటి రోజే మార్కాపురం బజారంతా "ఏం శెట్టీ, నీకూ వచ్చిందా?" అంటుందంట.

అక్టోబరు 8, మంగళవారం

రేపటి నుంచి నడుస్తానన్నారు.

అక్టోబరు 9, బుధవారం

రేపటి నుంచి నడుస్తానన్నారు.

అక్టోబరు 13, ఆదివారం

దసరా అయిపోయింది. ఉతకడానికి తీస్తే ఆయన చొక్కా జేబుకు చీమలు పట్టి ఉన్నాయి. జేబులో ఏమీ లేదు. అయినా చీమలకు అబద్ధం చెప్పాల్సిన పని ఏముంది? ఆయన్ని అడిగితే ఇంటి వెనక గోడౌన్‌లో బడిపిల్లల పలకల పెట్టెల్లోంచి ఎక్కినాయన్నారు. పలకలు ఎప్పటి నుంచి తియ్యగా అయినాయో మరి.

కోపం పోవాలంటే నేను బీరువా సర్దుతాను. ఈరోజు అత్తమ్మ బీరువా సర్దినాను. ఆమె వారపత్రికల్లో సీరియళ్లు చింపి, వారాల వరసన పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచుకునేది. కథ ఉన్న పేజీ ఒక్కటి కూడా పోనిచ్చేది కాదు. వెనక వైపు ఏముందో ఆమెకు అక్కర్లేదు, కథతోపాటు అదీ మిగిలింది. చీరల ప్రకటనలు, టానిక్కులు, రేడియోలు.

ఒక పేజీ వెనక సైకిల్ ప్రకటన ఉంది. నాన్న, అమ్మ, రెండు జడల పిల్ల, నిక్కరు పిల్లోడు. తలా ఒక సైకిల్. వెనక కొబ్బరిచెట్లు, నీళ్లు. మన దిక్కు అట్లాంటి చోటు నేనెక్కడా చూడలేదు. నాన్న వెనక్కి తిరిగి చూసి నవ్వుతున్నాడు. అమ్మ చీరలో, ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక కాలు పెడల్ మీద పెట్టి, ఎక్కబోతూ ఉంది. కింద పెద్ద అక్షరాలు:

ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం! ఇంటిల్లిపాదికీ ఉల్లాసం! ఆదివారం ఇంట్లో గడపకండి, సైకిల్ మీద గడపండి!

కంపెనీ పేరున్న మూల కుట్టులో పోయింది. ఆ అమ్మ నుదుటన ఎర్ర ఇంకుతో బొట్టు దిద్ది ఉంది. అచ్చులో వచ్చింది కాదు, అత్తమ్మ పనే. బొట్టు లేకుండా ఆడమనిషిని రోడ్డు మీదికి పంపే రకం కాదు ఆమె.

చాలాసేపు చూసినాను. ఆ నలుగురిలో ఒక్కరికీ జబ్బున్నట్టు లేదు. అప్పుడు తట్టింది. నడిస్తే జబ్బు అంటారు, సైకిల్ తొక్కితే సరదా అంటారు.

ఆయన పెళ్లికి ముందు పలకల పెట్టెలు సైకిల్‌కు కట్టుకుని బేస్తవారిపేట దాకా పోయి అమ్మొచ్చిన మనిషి. ఇప్పుడు తొక్కమంటే తొక్కరు. నేను తొక్కితే మాత్రం ఆయనకు రోషం వస్తుంది.

నాకు సైకిల్ రాదు, నేర్చుకోవాలనే సరదా కూడా లేదు. ఇదంతా ఆయన కోసమే.

అక్టోబరు 17, గురువారం

మా అమ్మాయి కన్యక టెంత్ క్లాసులో తొక్కిన సైకిల్ గోడౌన్ వెనక పడి ఉంది. బాబావలి సైకిల్ షాపుకు తోసుకుపోయినాను. ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్చినాడు. చైను కవరు విరిగిపోయింది, ఆ మోడలుది దొరకదన్నాడు. "పాప గుంటూరు నుంచి వస్తుందా అమ్మా?" అని అడిగినాడు. అవునన్నాను.

అవునని ఎందుకన్నానో నాకే తెలియదు.

అక్టోబరు 20, ఆదివారం

మొదలుపెట్టినాను.

పక్కింటి కమ్రున్నీసాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమెకూ సైకిల్ రాదు. కానీ కుట్టుమిషను తొక్కే కాళ్లు కాబట్టి సగం వచ్చినట్టేనని ఆమె ధైర్యం. నేను నేర్చుకున్నాక ఆమెకు నేర్పాలి, అది షరతు. సాయంత్రం ఆయన బజారులో దుకాణం చూసుకుంటారు, గోడౌన్‌లో పనిచేసే ఆడవాళ్లు ఐదుకే పోతారు. ఆ తర్వాత దొడ్డి మాదే.

గోడ పక్కన ఉల్టా లాటు పలకలు పేర్చి ఉన్నాయి. మూడేళ్ల కింద చెక్క ఫ్రేము మీద అ ఆలు అచ్చు వేసేటప్పుడు ఫిల్మ్ తిరగేసి పెట్టినారు, అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు పడినాయి. ఎవరూ కొనలేదు. ఆ రోజు నుంచి ఏ అచ్చు కాగితం చేతికొచ్చినా ఆయన ముందు చదవరు, సరిగ్గా పడిందా లేదా అని చూస్తారు. పెళ్లి పత్రికలు కూడా.

కమ్రున్నీసా ఆ పలకలు చూసి, "మా ఉర్దూ లెక్క కుడి నుంచి ఎడమకు రాసినారేంది వదినా" అంది.

అత్తమ్మ పుస్తకంలోంచి విప్పిన సైకిల్ బొమ్మను గోడకు అతికించినాము. అందులో అమ్మ సైకిల్‌కు కుడి పక్కన నిలబడింది. నేనూ కుడి పక్కనే నిలబడినాను. కమ్రున్నీసా క్యారియర్ పట్టుకుంది, బొమ్మ చూసి ఒకటొకటే చెప్పింది. చేయి అట్ల కాదు, ఇట్ల. తల ఎత్తు. నవ్వు. బొమ్మలో నవ్వుతూ ఉందిగా.

నవ్వుతూనే పడినాను.

అక్టోబరు 24, గురువారం

కుడి మోచేయి చెక్కుకుపోయింది. మూడు చీరలకు చైను గ్రీజు అంటింది. ఎక్కిన ప్రతిసారీ కుచ్చిళ్లు చైన్లో పడుతున్నాయి. బొమ్మలో ఆమె చీర ఇస్త్రీ పెట్టెలోంచి తీసినట్టుంది. "ఆ కాలపు ఆడోళ్లు ఒద్దికైనోళ్లు వదినా, నీకు ఒద్దిక తక్కువ" అంది కమ్రున్నీసా. నాకు ఒద్దిక తక్కువని ఇంతవరకు ఎవరూ అనలేదు. పోపు డబ్బాలో ఆవాలు కూడా వరస తప్పవు మా ఇంట్లో.

బ్రేకు మాత్రం బాగా వచ్చింది. ఆగమంటే ఆగుతాను. కదలడమే రావడం లేదు.

అక్టోబరు 29, మంగళవారం

చీర బ్లీచింగుతో ఉతికినాను. గ్రీజు పోలేదు, చీర రంగు పోయింది.

నవంబరు 3, ఆదివారం

కదిలింది!

కమ్రున్నీసా పట్టుకునే ఉందనుకుని ఆ చివర గేటు దాకా తొక్కినాను. వెనక్కి చూస్తే ఆమె నీళ్ల తొట్టి దగ్గర నిలబడి పల్లీలు తింటూ ఉంది. చూసినాక పడినాను. పడినా సరే. చెవుల పక్క గాలి వచ్చింది. ఫ్యాను గాలి వేరు, ఇది వేరు. ఇది మనం పోతేనే వస్తుంది.

ఎక్కడం, దిగడం ఇంకా రాలేదు. ఆమె పట్టుకుంటే ఎక్కుతాను. దిగడమంటే పడడమే.

రాత్రి ఆయనకు రెండు పుల్కాలు, బీరకాయ. తిన్నారు. ఆయన కోసమే కదా ఇదంతా.

నవంబరు 7, గురువారం

ఆయనకు తెలిసిపోయింది. బాబావలి టీ దగ్గర కనబడి, "పాప సైకిల్ బాగా పోతుందా శెట్టిగారూ" అని అడిగినాడంట. పాప గుంటూరులో ఉందని ఆయనకు తెలియదా?

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. అన్నం ముందు కూర్చుని మెల్లగా అన్నారు. "నువ్వు సైకిల్ తొక్కితే నాకేం బాధ లేదు హైమా. ఈ వయసులో ఎందుకమ్మా అని ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు? మా ఆయనకు అది ఉందని చెప్తావా?"

ఏమీ చెప్పనన్నాను. "నువ్వు చెప్పకున్నా వాళ్లే చెప్పుకుంటారు" అన్నారు. చేయి కడుక్కున్నారు.

నవంబరు 8, శుక్రవారం

సైకిల్ తీయలేదు.

నవంబరు 9, శనివారం

సైకిల్ తీయలేదు. కమ్రున్నీసా గోడ మీదుగా తొంగి చూసి పోయింది.

నవంబరు 11, సోమవారం

సైకిల్ తీయలేదు. గ్యాసు బుక్ చేసినాను.

కన్యక ఫోన్ చేసింది. అంతా చెప్పినాను. నవ్వుతుందని అనుకున్నాను, నవ్వలేదు. "నా సైకిల్ నీకు సరిపోయిందామ్మా, సీటు కిందికి దించుకున్నావా?" అని అడిగింది. సీటు దించుకోవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. బొమ్మలో అది లేదు. నాయన నడుస్తున్నారా అని అడిగింది. రేపటి నుంచి అన్నాను.

నవంబరు 18, సోమవారం

ఇల్లు తుడుస్తుంటే వంటింటి నుంచి హాలు దాకా ఎర్ర చుక్కలు. కుంకుమ ఒలికిందనుకున్నాను. ఆయన మడమలో పలక పెచ్చు దిగి ఉంది, గోడౌన్ నుంచి అట్లనే నడిచి వచ్చినారు. టీవీ చూస్తూ ఉన్నారు. నేను కాలు ఎత్తి చూపిందాకా ఆయనకు తెలియదు.

"నొప్పి లేదే" అన్నారు. తర్వాత మళ్లీ, ఇంకా మెల్లగా, "నొప్పి లేదు హైమా" అన్నారు.

ఇద్దరికీ మామయ్య పాదం గుర్తొచ్చింది. మామయ్య కూడా అట్లనే అన్నారు మొదట.

నవంబరు 19, మంగళవారం

కట్టు కట్టించినాము. పది రోజులు చెప్పుల్లేకుండా తిరగొద్దు, కాలికి పని పెట్టొద్దు అన్నారు. దుకాణం గుమాస్తా చూసుకుంటాడు. ఆయన ఇంట్లోనే. చొక్కా జేబు శుభ్రంగా ఉంది, చీమలు లేవు.

నవంబరు 24, ఆదివారం

నిన్న సాయంత్రం ఐదుకు సైకిల్ బయటికి తీసినాను. అడగలేదు, చెప్పలేదు. గోడ మీద తట్టినాను, కమ్రున్నీసా కత్తెర చేత్తోనే వచ్చింది. ఆయన దొడ్డి వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. సీటు దించుకున్నాను. ఒకసారి పడినాను. పేపరు కొంచెం కిందికి దిగింది.

ఈ రోజు రెండుసార్లు పడినాను. పేపరు మడిచి పక్కన పెట్టినారు.

నవంబరు 26, మంగళవారం

ఆయన చూస్తూ ఉన్నారు. ఇంకో చీర పోయింది.

డిసెంబరు 1, ఆదివారం

ఇది ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పుండు మానింది. ఉదయం డాక్టరు చూసి మామూలుగా తిరగొచ్చన్నాడు. సాయంత్రం ఎప్పటి మాదిరే కుర్చీలో కూర్చున్నారు. నేను కుడి పక్క నిలబడి, కుడి కాలు పెడల్ మీద పెట్టినాను. కుచ్చిళ్లు చైన్లోకి పోయినాయి. కమ్రున్నీసా పెడల్ వెనక్కి తిప్పి తిప్పి చీర లాగుతూ ఉంది. అన్నా, మీ ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా బొమ్మలో ఉన్నట్టు చేయదు, అని ఆయనకు ఫిర్యాదు కూడా చేసింది.

"ఏ బొమ్మ?" అన్నారు ఆయన.

గోడ మీద నుంచి తీసి ఇచ్చినాను. కళ్లద్దాలు పెట్టుకున్నారు. చదవలేదు. అటు వంచి, ఇటు వంచి, సరిగ్గా పడిందా లేదా అన్నట్టు చూసినారు. ఆయన మొహం మారింది. మూడేళ్ల కింద ఆ లాటు విప్పిన రోజు మారినట్టు. కానీ ఈసారి నవ్వు వచ్చింది. భుజాలు ఊగేదాకా నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఉల్టా పడింది హైమా."

నాకు అర్థం కాలేదు. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి కదా అన్నాను.

"అక్షరాలు వేరే పెట్టినారు. బొమ్మ ఫిల్మ్ తిరగేసినారు. చూడు, ఈయన చొక్కా జేబు ఏ పక్కనుంది? గడియారం ఏ చేతికి? ఆమె పైట ఏ భుజం మీద? చైను చూడు ముందు. ఏ సైకిల్‌కన్నా ఎడమ పక్క చైను ఉంటుందా?"

నేను సైకిల్ చూసినాను, బొమ్మ చూసినాను. బొమ్మలో చైను ఆమెకు అవతలి వైపు ఉంది. నాకు ఇవతల. ఆమె చీర ఎందుకు శుభ్రంగా ఉందో అప్పుడు తెలిసింది.

ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి బొమ్మ పక్కన పెట్టినారు. అద్దంలో ఆ కుటుంబమంతా సరయింది. నాన్న జేబు ఎడమకు వచ్చింది, అమ్మ ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం మాత్రం ఉర్దూ అయిపోయింది.

"యాభై ఏళ్ల కింద ఎవడో చేసిన తప్పుకు నేను ఆరు వారాల నుంచి క్యారియర్ మోసినానా!" అని కమ్రున్నీసా నీళ్ల తొట్టి గట్టు మీద కూలబడింది. తర్వాత నా వైపు తిరిగి, నీకు ఒద్దిక తక్కువ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానంది. చీరల సంగతి మాత్రం తనకు సంబంధం లేదంట.

"ఎడమ పక్క నిలబడాలి" అన్నారు ఆయన. నేను నిలబడినాను. ఏ కాలు ముందో తెలియలేదు. రెండు పక్కలూ కలిసిపోయినాయి. "అట్ల కాదు" అన్నారు. మళ్లీ చేసినాను. "అట్ల కాదు హైమా." ఇంకోసారి. "ఇటు తే" అని సైకిల్ తీసుకున్నారు. ఎడమ కాలు పెడల్ మీద పెట్టినారు, ఒక కుంటు, రెండు కుంట్లు, కాలు అవతలికి వేసినారు.

పోయినారు. పొట్ట హ్యాండిల్‌కు తగులుతూ ఉంది, మోకాళ్లు బయటికి పోతున్నాయి, ఆడపిల్లల సైకిల్, ముందు బుట్ట. ఉల్టా పలకల పక్క నుంచి గేటు దాకా పోయి, తిరిగి వచ్చినారు. దిగలేదు. మళ్లీ పోయినారు.

నాకు ఎట్ల ఎక్కాలో చూపడానికి మాత్రమే ఎక్కినారంట. ఐదు చుట్లు చూపినారు.

డిసెంబరు 2, సోమవారం

నాకు ఇంకా సరిగ్గా రాలేదని ఆయన అభిప్రాయం. ఈ రోజు కూడా చూపించినారు, గంటసేపు.

డిసెంబరు 8, ఆదివారం

ఎక్కడం వచ్చింది, దిగడం వచ్చింది. వారమంతా చీర శుభ్రంగా ఉంది. అయినా సరిగ్గా రాలేదనే చెప్తున్నాను.

బాబావలి దగ్గర ఆయన ఒక పాత సైకిల్ తీసుకున్నారు. ఎవరికి అని అతను అడిగితే "పాపకు" అన్నారంట.

డిసెంబరు 15, ఆదివారం

కమ్రున్నీసాకు నేను నేర్పుతున్నాను. మొదటే అంది, "ఆ బొమ్మ మాత్రం లోపల పెట్టు వదినా." ఆమె కుట్టిన పంజాబీ డ్రెస్ వేసుకున్నాను నేను. కన్యకకు ఫోటో పంపితే, సైకిల్ నీకే ఇచ్చేసినాను అని రాసింది.

ఆయన తెల్లారకముందే తర్లుపాడు రోడ్డులో పోయి వస్తున్నారు, ఎవరూ చూడకుండా. మజ్జిగ తాగుతున్నారు. నిన్న బంధువుల పెళ్లిలో ఆకులో మైసూరు పాకు వదిలేసినారు. ఆకు మడిచేటప్పుడు దాని వైపు చూసినారు కానీ.

డిసెంబరు 28, శనివారం

ఏడు పాయింట్ ఎనిమిది.

డాక్టరు ఈసారి ఆయన వైపు చూసి చెప్పినాడు. ఇప్పుడే సూది వద్దు, చేస్తున్నది ఆపొద్దు. ఏం చేస్తున్నారని అడిగితే ఆయన నా వైపు చూసినారు. నేను చెప్పలేదు. "మా ఆమెకు సైకిల్ నేర్పుతున్నాను" అన్నారు.

బయటికి వచ్చి ఆటో ఎక్కినాము. "అది తగ్గిందంట" అన్నారు.

డిసెంబరు 29, ఆదివారం

ఈ ఆదివారం ఇంట్లో గడపలేదు.

తెల్లారినాకే బయలుదేరినాము, చీకట్లో నాకు కనపడదని చెప్పినాను. బజారు దాటిందాకా ఆయన నాకు నాలుగు బారల ముందు, ఎవరో ఏమో అన్నట్టు. తర్లుపాడు రోడ్డు ఎక్కినాక పక్కకు వచ్చినారు. చలి. కంది చేల మీద మంచు.

టీ బంకు దగ్గర ఆగినాము. అక్కడ బెంచీ మీద మన బజారు వాళ్లు ఇద్దరున్నారు, ఇత్తడి సామాన్ల దుకాణం కాశయ్య ఒకరు. "ఏందన్నా, వదినెమ్మతో సైకిళ్ల మీద?" అన్నాడు. టీ అతను గ్లాసులో చెంచా పెట్టినాడు. ఆయన చేయి అడ్డం పెట్టినారు.

"చక్కెర వద్దు నాయనా. నాకు షుగరుంది."

ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. ఏమీ కాలేదు. టీ అతను చెంచా తీసేసినాడు. కాశయ్య జరిగి చోటిచ్చి, "నాకు ఏడేళ్లాయ అన్నా. ఆ సైకిల్ ఎక్కడ తీసుకున్నావు?" అన్నాడు.

మళ్లీ బయలుదేరినాము. ఇంకో మైలు పోయినాక ఆయనకు ఆయాసం వచ్చింది. కల్వర్టు మీద కూర్చుంటాను, నువ్వూ ఆగు అన్నారు.

రోడ్డు అక్కడి నుంచి పల్లం. నేను ఆగలేదు. చెవుల పక్క గాలి, పంజాబీ డ్రెస్ చున్నీ వెనక ఎగురుతూ. ఒక లారీ అతను హారన్ కొట్టినాడు, నేను బెల్ కొట్టినాను. వేపచెట్ల వరస అయిపోయిందాకా పోయి, దిగి, కొంచెంసేపు నిలబడి, సైకిల్ తిప్పుకుని, ఎడమ పక్క నుంచి ఎక్కి, ఆ ఎత్తంతా తొక్కి వెనక్కి వచ్చినాను.

భయపడినారు పాపం. "ఆగమంటే ఎందుకు ఆగలేదు?" అన్నారు.

"బ్రేకు వేయడం రాలేదు" అన్నాను.

అయితే రేపు నేర్పిస్తానన్నారు.